రాయి తీసి నిమ్మకాయ

సంజీవప్ప గుర్రం పేరు కర్రి, అంటే నల్లది. చూస్తే పాలలో ముంచి తీసినట్టుంటుంది. తెల్ల గుర్రానికి ఆ పేరేమిటని పెళ్ళివాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. పుట్టినప్పుడు అది బొగ్గుముక్కే. ఏడాదికేడాది వెలిసిపోతూ వచ్చి చివరికి తెల్లబడింది. కొన్ని గుర్రాల ఒంటి తీరే అంత. "తెల్లగైనాక పేరు మార్చొచ్చు కదప్పా" అని ఎవరైనా అంటే, "నీకు తల నెరిసినాక నీ పేరు మార్చినారా?" అంటాడు సంజీవప్ప. అడిగినవాడు తల తడుముకుంటాడు.

పెనుకొండలో అతని నాయన జట్కా తోలాడు, ఆయన తర్వాత అతను తోలాడు. రైల్వేస్టేషన్ నుంచి ఊళ్ళోకి, ఊళ్ళోంచి స్టేషన్‌కి. ఈ పనిలో అతను లక్షసార్లు అన్న మాట ఒకటుంది: "ముందుకు జరగండమ్మా." రెండు చక్రాల బండి తక్కెడలాంటిది. వెనక బరువెక్కితే ముందు గుర్రానికి రెండు పక్కలా ఉండే నొగలు గాల్లోకి లేస్తాయి, గుర్రం పొట్ట కింది పట్టెడ బిగుసుకుని గుర్రాన్నే పైకి లేపుతుంది. అందుకే లావుపాటివాళ్ళు ముందు, బక్కవాళ్ళు వెనక. ఈ లెక్క చెప్పి అతను ఎందరో మర్యాదస్తులకు కోపం తెప్పించాడు.

తొంభై ఆరు, తొంభై ఏడు వచ్చేసరికి స్టేషన్ ముందు ఆటోలు నిలబడ్డాయి. జట్కాలు పోయినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్న పట్నంవాళ్ళున్నారు. వాళ్ళెవరూ జట్కా ఎక్కి చాలా కాలమైంది. సంజీవప్ప మాత్రం ఏడవలేదు. మిట్టమధ్యాహ్నం రెండు గంటలు ఆలస్యంగా వచ్చే రైలు కోసం కాచుకుని, అందులోంచి ఒక్కడు దిగి వాడు కూడా నడిచి పోతుంటే చూడటంలో అందమేముంది? జట్కాను కట్టెల కింద అమ్మేశాడు. కర్రిని మాత్రం అమ్మలేదు.

దానికొక దారి హిందూపురంలో దొరికింది. అక్కడ బ్యాండ్‌సెట్టు నడిపే రామాంజినేయులు ఒకసారి పెనుకొండ స్టేషన్ దగ్గర కర్రిని చూసి ఆగిపోయాడు. పెళ్ళికొడుకును కారులో మెరవణి చేస్తే ఎవరూ తలెత్తి చూడని రోజులు వచ్చేశాయి. గుర్రం కావాలంటున్నారు, అందులోనూ తెల్లది కావాలంటున్నారు. హిందూపురంలో అడుగుతున్నారు, ధర్మవరం పట్టుచీరల షావుకార్లయితే మరీ అడుగుతున్నారు. పెనుకొండ ఆ రెండు ఊళ్ళ మధ్య ఉంది. ఇబ్బందల్లా ఒకటే. పెనుకొండ నుంచి ధర్మవరానికి లారీల మధ్య నడిపించుకుపోతే, పెళ్ళికొడుకు ఎక్కే వేళకు గుర్రం నిలబడే నిద్రపోతుంది.

అందుకని హిందూపురం వెల్డింగ్ షాపులో పాత జీపు ఇరుసు మీద రెండు చక్రాల ట్రాలీ ఒకటి చేయించాడు. చుట్టూ ఇనుప కడ్డీలు, కింద మందపాటి పలకలు, వెనక తలుపు దించితే అదే గుర్రం ఎక్కే వారధి. ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప దూలాన్ని వెల్డరు ఏదో ఇంగ్లీషు పేరుతో పిలిచాడు, సంజీవప్పకు అది నొగే. ఆ నొగను జీపు వెనక కొక్కెంలో పెట్టి పిన్ను దింపాలి. జీపు బావమరిది నాగేంద్రది. మామూలు రోజుల్లో సోమందేపల్లి మీదుగా హిందూపురానికి జనాన్ని కుక్కి తోలేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో కర్రిని తోలేవాడు. "దీన్ని తోలేదే మేలు బావా. చిల్లర అడగదు, కిటికీ పక్క సీటూ అడగదు" అనేవాడు.

ఇంత కుదిరాక మిగిలింది నేల. సంజీవప్ప ఇల్లు కొండ పాదంలో, వీధి చిట్టచివర ఉంటుంది. వీధంతా కిందికి జారే వాలే. అడుగున ఒక్క చోట మాత్రం చదునుగా ఉంటుంది. అక్కడ ఎస్తేరమ్మ ఇల్లు, ఇంటి ముందు ఖాళీ జాగా, పక్కన రాళ్ళూ మట్టీ పెట్టి కట్టుకున్న స్నానాల గది. ఎస్తేరమ్మ ప్రభుత్వాసుపత్రిలో ఆయా. వీధిలో సగంమంది పిల్లల్ని పుట్టగానే ఎత్తుకున్న మనిషి, అందువల్ల ఎవర్నైనా ఏమైనా అనగలదు.

జీపు ట్రాలీని లాక్కుంటూ వీధి పైకి వస్తుంది. ఇంటి ముందున్న జాగాలో జీపు ఒక్కటే తిరగగలదు, ట్రాలీతో కలిసి తిరగలేదు. కాబట్టి పిన్ను తీసి, ట్రాలీని చేతుల్తో తిప్పాలి. ఒక చక్రానికి రాయి పెట్టి, దాని చుట్టూ రెండో చక్రాన్ని తోసుకుంటూ రావాలి. పెళ్ళాం కుళ్ళాయమ్మ ఒక పక్క, సంజీవప్ప ఒక పక్క. అలా తిప్పి నొగను వాలు దిక్కుకు, అంటే కిందికి పెట్టి, దాని కింద ఒక చెక్క దిమ్మె ఆనిస్తారు. రెండు చక్రాల ముందూ రెండు రాళ్ళు. ఇలా పెడితే వెనక తలుపు కొండ వైపుకు వస్తుంది. దించితే దాదాపు నేలకు సమంగా ఉంటుంది, కర్రి ఇంట్లోకి నడిచినట్టు నడిచి లోపలికి పోతుంది. బరువు ముందుకు పడుతుంది కనుక నొగ గాల్లోకి లేవదు. తిరగేసి పెట్టి ఉంటే గుర్రం నిట్టనిలువునా ఎక్కాలి, ఎక్కగానే నొగ లేచి ఎవరి గడ్డానికో తగలాలి. జట్కా తోలినవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

అతను పెట్టుకున్న నియమం ఇంకొకటి: ముందు జీపుకు పిన్ను, ఆ తర్వాతే గుర్రం. జట్కాలో బండిని పట్టి నిలిపేది గుర్రమే, ట్రాలీలో గుర్రం ఒట్టి బరువు. ఈ తేడాను అతను ఒక్క రోజు కూడా మరిచిపోలేదు, రెండు వేల ఒకటి ఆయుధ పూజ నాడు తప్ప.

"సంజీవప్పా, నీ బండి ముక్కు ఎప్పుడు చూసినా నా ఇంటి దిక్కే ఉంటాది" అనేది ఎస్తేరమ్మ, నీళ్ళ బిందెతో పైకి వచ్చినప్పుడల్లా.

"ముక్కు ఉంటే ఏమక్కా, కాళ్ళకు రాళ్ళు పెట్టినా కదా."

"రాళ్ళను నమ్ముకో నాయనా. నేను మాత్రం తలుపేసుకుంటా."

ఆయుధ పూజ నాడు నాగేంద్ర జీపును కడిగి, బంతిపూల దండలు వేసి, అరటి పిలకలు కట్టి తీసుకొచ్చాడు. ట్రాలీకీ పసుపూ కుంకుమా అయ్యాయి. గుమ్మడికాయ కొట్టాలి, టెంకాయ కొట్టాలి. పిల్లలు టపాకాయలు పట్టుకుని తిరుగుతున్నారు. టపాకాయ పేలితే కర్రి తాడు తెంపుకుంటుంది.

"దాన్ని ట్రాలీలోకి ఎక్కించి కట్టేయరాదా. జీపుకూ బండికీ గుర్రానికీ ఒకే హారతి ఇచ్చేస్తా" అంది కుళ్ళాయమ్మ.

"పిన్ను పడలేదు కదే."

"ఇంకో గడియకు పడదా? యాడికి పోతాది అంతలోకే?"

ఇంకో గడియకు పడుతుంది కదా అని సంజీవప్ప కూడా అనుకున్నాడు. కర్రిని ఎక్కించి ముందు కడ్డీకి కట్టాడు.

పూజ అయింది. ఇక నిమ్మకాయలు. బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా బండిని నడిపితేనే దిష్టి పోయినట్టు. ఈ సంగతి ఇనుముకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఈ ప్రాంతంలో సైకిల్ నుంచి రోడ్డు రోలరు దాకా దీన్ని తప్పించుకున్న చక్రం లేదు. నాగేంద్ర జీపు తన నిమ్మకాయల్ని తాను నలిపింది. వీధి పిల్లలందరూ జీపులోకి ఎగబడ్డారు. "ఒక రౌండు కొట్టి వస్తా బావా, వచ్చి పిన్ను వేస్తా" అని నాగేంద్ర మెయిన్ రోడ్డు వైపు దిగిపోయాడు. వీధి ఖాళీ అయింది. తర్వాత తలుచుకుంటే, ఆ రోజు జరిగిన మంచి ఇదొక్కటే.

వాడు వచ్చేలోగా ట్రాలీకి నిమ్మకాయలు సిద్ధం చేసి పెడదామని కుళ్ళాయమ్మ ఎడమ చక్రం దగ్గర కూర్చుంది. నిమ్మకాయ ఉండాల్సిన చోట రాయి ఉంది. కుడి పక్క రాయి ఉందిలే అనుకుని దాన్ని తీసి పక్కన పెట్టింది. సరిగ్గా అప్పుడే కుడి చక్రం దగ్గర సంజీవప్ప, ఎడమ పక్క రాయి ఉందిలే అనుకుని, తన రాయి తీశాడు. ఇద్దరి మధ్యా గుర్రమూ పలకలూ అడ్డం. ట్రాలీని తిప్పేటప్పుడు ఒక్క రాయితో దాన్ని ఎన్నోసార్లు నిలిపినవాళ్ళే ఇద్దరూ, ఒక్క రాయి చాలునని ఇద్దరికీ తెలుసు. ఆ ఒక్క రాయి ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఇద్దరూ భక్తిగా నిమ్మకాయలు పెట్టారు. నిమ్మకాయలు శాస్త్రోక్తంగా నలిగాయి.

ట్రాలీ దిమ్మె మీదినుంచి జారి, నొగ నేలకు గుచ్చుకుని, వీధిని నాగలిలా దున్నుకుంటూ పోయింది. నొగ అలా దున్నబట్టే వేగం తగ్గింది, లేకుంటే కర్రి బతికేది కాదు. సంజీవప్ప వెనక తలుపు పట్టుకుంటే అతన్ని కూడా కొంత దూరం ఈడ్చుకుపోయింది. తాను నోటితో "హో, హో" అంటున్నట్టు అతనికి తెలుస్తూనే ఉంది. ఆ మాట వింటే గుర్రం ఆగుతుంది. కర్రి ఆగే నిలబడి ఉంది పాపం, నడుస్తున్నది ట్రాలీ.

అది ఎస్తేరమ్మ స్నానాల గది గోడను కూల్చి అక్కడ ఆగింది. ఎస్తేరమ్మ వాకిట్లో, మరిగిన నీళ్ళ గిన్నెను గుడ్డతో పట్టుకుని నిలబడి ఉంది.

దుమ్ము తగ్గాక నెమ్మదిగా అంది: "నేను ఇంకో రవ్వ ముందు పోయింటే, పెళ్ళికొడుకు మాదిరి నన్ను కూడా మెరవణి చేసేవాళ్ళు."

కర్రి మోకాళ్ళు చీరుకున్నాయి, ఎదురు కడ్డీకి గుద్దుకుని రొమ్ము వాచింది. ఎముకలు విరగలేదు. తాడు విప్పి తలుపు దించగానే వెనక్కి వెనక్కి దిగి, వీధి అటు చివరకు పోయి వణుకుతూ నిలబడింది. కుళ్ళాయమ్మ అరుగు మీద కూలబడి, "ఎవురి దిష్టో తగిలింది వదినా" అని ఏడ్చింది.

"దిష్టి గాదు కుళ్ళాయీ, వాలు" అంది ఎస్తేరమ్మ.

దెబ్బలు పది రోజుల్లో మానాయి. మానిన తర్వాత అసలు దెబ్బ ఏమిటో తెలిసింది. వంగిన నొగను సరిచేయించి, పైకి లాక్కొచ్చి ఎప్పటి చోటే పెట్టిన ట్రాలీ దగ్గరికి కర్రి రానంటోంది. తలుపు చప్పుడు వింటే చాలు, చెవులు వెనక్కి పెట్టి, నాలుగు కాళ్ళూ పాతేసినట్టు నిలబడుతుంది. బెల్లం చూపించారు. బెల్లం వరకు మెడ చాపింది, కాలు చాపలేదు. కళ్ళకు గుడ్డ కట్టారు. గుడ్డతో పాటు నాగేంద్రను కూడా గోడకు రుద్దేసింది. కుళ్ళాయమ్మ తాయెత్తు తెచ్చి మెడకు కట్టింది. ఎస్తేరమ్మ తాను ఏం తక్కువని పాస్టరును పిలిపించి ప్రార్థన చేయించింది. సంజీవప్ప దేనికీ అడ్డం చెప్పలేదు. కర్రి ఏ మతంలోనూ కలవలేదు.

రామాంజినేయులు చూసి పోదామని హిందూపురం నుంచి వచ్చాడు. కార్తీకంలో ధర్మవరం పెళ్ళి ఒప్పుకుని ఉన్నారు, పట్టుచీరల అంగడి వీరభద్రయ్య కొడుకుది.

"చిన్న పెళ్ళి గాదు సంజీవప్పా. ఆడ గుర్రం లేదంటే ఇంక ఆ ఊర్లో నా బ్యాండ్ వాయించేది లేదు. నీది రాదంటే చెప్పు, బెంగుళూరు గుర్రాన్ని మాట్లాడుకుంటా."

"టైం ఉండాది కదప్పా. ఎక్కుతాది."

"ఎక్కకుంటే?" రామాంజినేయులు కర్రి మెడ నిమిరాడు. అది అతన్ని నిమరనిచ్చింది. "కోపగించుకోవద్దు, ఒక మాట చెప్తాండా. బండెక్కని గుర్రం పెనుకొండలో నీకు దేనికి? ఏడాదికి రెండు పెళ్ళిళ్ళు చేస్తే గడ్డికి కూడా రాదు. నాకు ఇచ్చేయి. ఒక్క తూరి నడిపించుకొని పోతే చాలు, హిందూపురంలో షెడ్డు ఉండాది, ఊర్లో మెరవణులన్నిటికీ నడిచే పోతాది. బాగా చూసుకుంటా."

అతను చెప్పినదాంట్లో తప్పు ఒక్కటి కూడా లేకపోవడం సంజీవప్పను ఎక్కువ బాధపెట్టింది. ధర్మవరం పెళ్ళిలోగా ఎక్కితే ఉంటుంది, లేకుంటే హిందూపురం పోతుంది. మనసులో అతను కూడా అదే గడువు పెట్టుకున్నాడు.

ఈలోగా ఎస్తేరమ్మ గోడ సంగతి. పరిహారం మాట ఎత్తబోతే ఆమె వద్దంది. "డబ్బులు నాకెందుకు? గోడ కట్టు. నువ్వే కట్టు. మేస్త్రిని పెడితే వానికి నొప్పి తెలీదు." అప్పటిదాకా స్నానాలకు చీరలు కట్టి మరుగు చేసుకుంది. ఆ చీరలు కుళ్ళాయమ్మవి.

సంజీవప్ప రోజూ పొద్దున కర్రిని తీసుకుని దిగేవాడు. దాన్ని ఎస్తేరమ్మ మునగచెట్టుకు పొడుగు తాడుతో కట్టేసి, మట్టి తొక్కి రాళ్ళు పేర్చేవాడు. అతనికి గోడలు కట్టడం రాదు. మొదటి వరస కొండ వాలును చూసి తానూ వంగింది. ఎస్తేరమ్మ విప్పించి మళ్ళీ కట్టించింది. ట్రాలీని కూడా నాగేంద్ర మళ్ళీ అక్కడికే దించేశాడు. గుర్రమే ఎక్కనప్పుడు దాన్ని వాలు మీద ఉంచి చేసేదేముంది? చదును నేల మీద, దిమ్మె ఆనుకుని, తలుపు దించుకుని అలా పడి ఉంది.

ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగా ఉంచే రకం కాదు ఎస్తేరమ్మ. సోమందేపల్లిలో సేద్యం చేసే ఆమె తమ్ముడు, ఆమె పాడి ఎనుముకని చెనిక్కాయ కట్టె పంపించాడు. వేరుశనగ కాయలు కోసేశాక మిగిలే ఆ ఎండు తీగలంటే పశువులు ప్రాణం పెడతాయి. మబ్బు పట్టి ఉంది. ఎవర్నీ అడక్కుండా మోపులన్నీ ట్రాలీలోకి ఎత్తించి, పైన టార్పాలిన్ కప్పించింది.

"అక్కా, అది గుర్రం బండి" అన్నాడు సంజీవప్ప మట్టి చేతులతో.

"గుర్రానికి వద్దంట కదా. గోడ లేసేదాకా అది నాది."

మర్నాడు అతను పై వరస పెడుతున్నాడు. వెనక పలకల మీద ధన్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు అతనికి ఎంత బాగా తెలుసంటే, తెలిసి కూడా తల తిప్పడానికి భయపడ్డాడు. రాయి చేతిలోనే ఉంది. ఇంకో ధన్. తర్వాత పరపరమని నమిలే చప్పుడు.

నెమ్మదిగా చూశాడు. కర్రి నాలుగు కాళ్ళూ ట్రాలీలో ఉన్నాయి. తాడు వీలైనంత సాగి ఉంది. తల మోపులో దూరిపోయింది, తోక మాత్రం బయటికి కనబడుతోంది. ట్రాలీ కదలలేదు. ఇది చదును నేల, కదిలే పనే లేదు. ఇన్నాళ్ళూ కొండవాలులో రాళ్ళ మీద ఒరిగే పలకల్ని దానికి చూపించి ఎక్కమని బతిమాలారు. అది ఎందుకు ఎక్కుతుంది?

ఎస్తేరమ్మ చేట పట్టుకుని బయటికి వచ్చింది. "ఓయమ్మా, నా కట్టె. సంజీవప్పా, ఏం చూస్తాండావు, దించు దాన్ని."

"ఉండక్కా."

"ఏం ఉండేది? నా ఎనుము ఏం తినల్ల?"

"నీ కాళ్ళు పట్టుకుంటా, రవ్వసేపు ఉండక్కా."

ఆమె చేట దించి అరుగు మీద కూర్చుంది. గుర్రం ఎనుము మేత తినడాన్ని ఇద్దరూ సినిమా చూసినట్టు చూశారు. ఒక మోపు అయ్యాక కర్రి వెనక్కి దిగింది. నీళ్ళు తాగింది. మళ్ళీ ఎక్కింది.

ధర్మవరం ప్రయాణం రోజు మధ్యాహ్నం వీధిలో ఉన్నవాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. చెప్పడానికి అందరూ వీడ్కోలుకే వచ్చారు గానీ, ఎక్కదేమో చూద్దామని వచ్చినవాళ్ళు తక్కువేం లేరు. ట్రాలీ ఎస్తేరమ్మ ముంగిట్లోనే ఉంది. నాగేంద్ర జీపును వెనక్కి తెచ్చి కొక్కేన్ని నొగకు సరిగ్గా ఆనించాడు. సంజీవప్ప పిన్ను దింపి, పైకి లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు. వంగి రెండు చక్రాల దగ్గరా రాళ్ళు చూశాడు. ముందు కడ్డీకి ఒక మోపు కట్టె కట్టాడు. అప్పుడు కర్రి తాడు విప్పాడు.

జీపు ఇంజను నడుస్తోంది. కర్రి తలుపు దగ్గర ఆగింది. చెవులు వెనక్కి పోయాయి. సంజీవప్ప తాడు లాగలేదు, పక్కన నిలబడ్డాడంతే. వెనక ఎవరో "తొయ్యండప్పా" అన్నారు. కుళ్ళాయమ్మ ఆ మనిషి వైపు తిరిగి చూసిన చూపుకు వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. కర్రి ముక్కు ఎగబీల్చింది, ఒక కాలు పలక మీద పెట్టి చప్పుడు చేసి చూసుకుంది. పలక ఊగలేదు. లోపలికి నడిచి మోపు అందుకుంది.

సంజీవప్ప తలుపు ఎత్తి గొళ్ళెం వేశాడు. దాన్ని కూడా రెండుసార్లు లాగి చూశాడు.

"కట్టె ఎవురు తెచ్చిస్తారు నాకు?" అంది ఎస్తేరమ్మ.

"ధర్మవరం నుంచి వస్తా వస్తా తెస్తాలే అక్కా."

"పట్టుచీర తెమ్మని అడగలేదు నేను, కట్టె అడిగినా. ధర్మవరంలో కట్టె యాడుంటాది?"

వీరభద్రయ్య కొడుకు కొంచెం లావు మనిషి. గుర్రమెక్కేటప్పుడు అలవాటుగా "ముందుకు జరగండి సామీ" అనబోయి నాలుక కరుచుకున్నానని సంజీవప్ప తర్వాత చెప్పుకునేవాడు. మెరవణిలో కర్రి తల ఆడిస్తూ నడిచింది. రామాంజినేయులు తర్వాతి పెళ్ళిళ్ళ తేదీలు చెప్పాడు. షెడ్డు మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ట్రాలీ వీధి పైకి ఎప్పుడూ ఎక్కలేదు. దాని చోటు ఎస్తేరమ్మ ముంగిలే. బదులుగా లద్దె ఆమె మునగచెట్టుకు, పెళ్ళిళ్ళ నుంచి వచ్చే లడ్లు ఆమె మనవరాళ్ళకు. కర్రి మాత్రం కట్టె మోపు కట్టందే ఎక్కేది కాదు. దాన్ని ఆ అలవాటు మాన్పించాలని ఎవరూ చూడలేదు.

మరుసటి ఏడు ఆయుధ పూజ వచ్చింది. నిమ్మకాయలు మానేస్తే పోదా అని అడిగేవాళ్ళు కుళ్ళాయమ్మతో కాపురం చేసినవాళ్ళు కాదు. ఆమె మానలేదు, పద్ధతి మాత్రం మారింది. కర్రిని మునగచెట్టుకు కట్టేశారు. జీపుకు పిన్ను పడింది, నాగేంద్ర బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. చదును నేల మీద ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదని అతను అన్నాడు గానీ ఎవరూ వినలేదు.

ఎడమ పక్క నుంచి కుళ్ళాయమ్మ పిలిచింది. "యో, నీ పక్క రాయి ఉండాదా?"

"ఉండాది. నీది?"

"నాది తీస్తాండా."

"తీయ్. నువ్వు చెప్పేదాకా నాది తీయను."

కొత్త గోడ వెనక నుంచి నీళ్ళ చప్పుడు ఆగింది. "బాగా అరిచి చెప్పుకొని తీయండి ఇద్దురూ" అంది ఎస్తేరమ్మ. "నేను ఈడ నీళ్ళు పోసుకుంటాండా."